గాలపు కర్ర కథ: ప్రకటన మాట, తూకం మాట



ప్రత్యేక సంచిక అనగానే డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి వ్రాయడం మనకు అలవాటు. అవి వ్రాయగల సమర్థులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. అందుచేత నేను ఈసారి గాలపు కర్ర చరిత్రను ఎంచుకొన్నాను. నవ్వుకొనే మిత్రులు నవ్వుకోవచ్చు గాని, ఇది వట్టి చేపల వేట ముచ్చట కాదు. అమ్మేవాడు చెప్పే మాటకూ వస్తువు చేసే పనికీ మధ్య ఉన్న దూరాన్ని కొన్నవాడు ఎట్లా కొలవాలి అన్న ప్రశ్న ఇందులో ఉంది. మనలో చాలామంది ఉద్యోగమంతా ఆ ప్రశ్నతోనే గడిచింది.

నేను 1975లో విద్యుత్తు బోర్డులో చేరి 2011లో పదవీ విరమణ చేశాను. అందులో ఎక్కువ కాలం స్టోర్సులోను, మెటీరియల్ తనిఖీలోను పనిచేశాను. 1959లో ఏర్పడిన బోర్డు 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోవడం కూడా ఆ కుర్చీలో నుంచే చూశాను. టెండరు కాగితం మీద ప్రతి ఇన్సులేటరూ అద్భుతమే, ప్రతి పోలూ వజ్రమే. నిజం టెస్టింగ్ యార్డులో తేలేది. సెలవు దినాలలో బందరు కాలువ గట్టున గాలం వేయడం నాకు చిన్ననాటి నుంచి ఉన్న సరదా. ఈ రెండూ కలిసిన చోట పుట్టినదే ఈ వ్యాసం.

చెట్టు నుంచి కర్ర

గాలపు కర్ర తయారీ గురించి ఇంగ్లీషులో అచ్చయిన తొలి రచన 1496 నాటిది. వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' అనే గ్రంథం రెండవ కూర్పులో దానిని చేర్చాడు. డేమ్ జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని వ్రాసినదని పరంపరగా చెబుతారు. అందులో దుకాణానికి వెళ్ళి కర్ర కొనమని లేదు. చలికాలంలో హేజెల్, విల్లో వంటి చెట్ల కొమ్మ నరకాలి, వేడి చేసి తిన్నగా సాగదీయాలి, పొగ తగిలే ఇంటి కప్పులో కట్టి ఆరబెట్టాలి, కాల్చిన ఇనుప ఊచతో లోపల బోలు చేయాలి అని వరుసగా చెప్పారు. పై ముక్క ఆ బోలులో ఇమిడిపోయేది. చేతికర్ర పట్టుకొని షికారుకు వెళుతున్నట్లే కనబడుతుందట! దారం గుర్రపు తోక వెంట్రుకలతో పేనినది, గాలం సూదిని వంచి చేసినది. కర్ర నరకడానికి కాలం చూసుకోవాలన్న మాట మనకు కొత్త కాదు. అమావాస్య రోజుల్లో నరికిన వెదురు పుచ్చదని మన పెద్దలు చెప్పేవారు.

1653లో ఐజాక్ వాల్టన్ 'ది కంప్లీట్ ఆంగ్లర్' అచ్చు వేసే నాటికి లండనులో గాలపు సామగ్రి అమ్మే దుకాణాలు ఉన్నాయి. తరువాతి రెండు వందల ఏళ్ళలో నౌకా వ్యాపారం పెరిగినకొద్దీ కొత్త కర్రలు వచ్చాయి. అమెరికా నుంచి హికరీ, వెస్టిండీస్ నుంచి లాన్స్‌వుడ్, బ్రిటిష్ గయానా నుంచి గ్రీన్‌హార్ట్. గ్రీన్‌హార్ట్ మహా గట్టిది, బరువూ ఎక్కువే. ప్రతి కర్రకూ ఒక గుణం, ఒక లోపం ఉండేవి. కొనేవాడు చేతితో ఊపి, వంచి, కన్ను పెట్టి నిగ్గు తేల్చుకొనేవాడు.

కలకత్తా వెదురు

ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు ఈస్టన్ పట్టణంలో శామ్యూల్ ఫిలిప్పీ అనే తుపాకుల పనివాడు ఉండేవాడు. వయొలిన్లు కూడా చేసేవాడు. 1840లలో ఆయన వెదురును నిలువునా చీల్చి, బద్దలను జిగురుతో అతికి కర్రలు చేశాడు. ఆ వెదురు కలకత్తా రేవు నుంచి వెళ్ళినది కాబట్టి అక్కడివారు దానిని 'కలకత్తా కేన్' అనేవారు. 1870లలో మెయిన్ రాష్ట్రపు హైరమ్ లెనార్డ్ బద్దలను కోణం తప్పకుండా కోసే యంత్రం పెట్టి, ఆరు బద్దల కర్రను కార్ఖానా వస్తువుగా మార్చాడు.

గుండ్రని వెదురు ఉండగా దానిని చీల్చి మళ్ళీ అతకడం ఎందుకు? వెదురు బలమంతా పై తొక్కకు ఆనుకొని ఉన్న నారలో ఉంటుంది. లోపలి భాగం మెత్తన. ఆరు త్రికోణపు బద్దలను తొక్క వైపు బయటికి ఉండేట్లు అతికితే, వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడే బయటి పొర అంతా గట్టి నారే అవుతుంది. పైగా ఒక బద్దలో కణుపు ఉన్న చోట పక్క బద్దలో కణుపు రాకుండా జరపవచ్చు. ఇది ప్రకటన మాట కాదు, వంచి చూస్తే తెలిసే నిజం.

తరువాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు వెదురు 'టాంకిన్ కేన్' అన్న పేరుతో వచ్చి కలకత్తా వెదురును వెనక్కి నెట్టింది. దాని నార దట్టంగాను, కాండం తిన్నగాను ఉండేది. 1950లో అమెరికా చైనా వర్తకంపై ఆంక్షలు పెట్టడంతో ఆ దిగుమతి ఆగింది. అప్పటికే కొత్త పదార్థం ఒకటి సిద్ధంగా ఉంది.

మద్రాసు సివిల్ సర్వీసు వారి పుస్తకం

ఈ లోగా మన దక్షిణాదిన జరిగినది కూడా చెప్పుకోవాలి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో మంగుళూరులో 'ది రాడ్ ఇన్ ఇండియా' అచ్చు వేయించారు. చెరువుల్లో గాలం వేయడం గురించి 1887లో 'ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా' అనే మరొక పుస్తకం తెచ్చారు. ఇంగ్లండు సాల్మన్ చేపకు సరిపోయే సామగ్రి మన మహసీర్ ముందు నిలవదన్నది ఆ కాలపు వేటగాళ్ళ అనుభవం. దాని నోటి పట్టుకు సన్నని గాలాలు నలిగిపోయేవి. లండను దుకాణం వారి మాట పట్టుకొని వచ్చినవారు కావేరి గట్టున మళ్ళీ పాఠం నేర్చుకోవలసి వచ్చేది.

1946 మార్చిలో మైసూరు సమీపాన కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే ఆయన 120 పౌన్ల మహసీర్‌ను గాలంతో పట్టారు. అంతకు ముందు 1919లో కావేరిలో మేజర్ రివెట్-కార్నాక్ పట్టినది 119 పౌన్లు. నేడు ఆ మూపురపు మహసీర్ జాతి అంతరించే ప్రమాదంలో ఉంది. 2018లోనే దాని శాస్త్రనామం 'టోర్ రెమదేవి' అని తేల్చి, అదే ఏడు అంతర్జాతీయ ఎర్ర జాబితాలో అత్యంత ప్రమాద స్థితి వర్గంలో చేర్చారు. ఆనకట్టలు, ఇసుక త్రవ్వకాలు, మందుపాతర వేట ఇందుకు కారణాలలో ముఖ్యమైనవి. కర్రలు ఎంత మెరుగైనా, చేప మిగిలితేనే వాటికి పని.

గాజు నార, బొగ్గు నార

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆర్థర్ హోవాల్డ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు గాజు నారను రెజిన్‌తో కలిపి గాలపు కర్ర చేశాడు. షేక్‌స్పియర్ అనే కంపెనీ 1940ల చివర 'వండర్‌రాడ్' పేరుతో దానిని అమ్మింది. తడికి పాడవదు, పుచ్చదు, చవక. మన శాఖలో ఏ.బి. స్విచ్చి, డి.ఓ. ఫ్యూజు తీయడానికి వాడే ఫైబర్ గ్లాసు ఆపరేటింగ్ రాడ్డు ఈ కుటుంబానికి చెందినదే.

బొగ్గు నార, అంటే కార్బన్ ఫైబర్, 1960ల తొలి సంవత్సరాలలో జపానులో అకియో షిండో పరిశోధనల వల్లను, ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధనా సంస్థ కృషి వల్లను ముందుకు వచ్చింది. విమానాల కోసం పుట్టిన ఆ నారతో 1973-74 ప్రాంతంలో అమెరికాలో ఫెన్‌విక్ కంపెనీ గాలపు కర్రలు అమ్మసాగింది. కర్ర బరువు తగ్గింది, బిగువు పెరిగింది. అక్కడి నుంచే అంకెల వర్షం మొదలయింది.

అంకెల అసలు అర్థం

ఒకసారి మా మనవడు బజారులో కొత్త కర్ర చూసి, "తాతయ్యా, దీని మీద నలభై టన్నులని వ్రాసి ఉంది, నలభై టన్నులు లేపుతుందా?" అని అడిగాడు. దుకాణం కుర్రవాడు, "లేపుతుంది బాబూ, ఇంపోర్టెడ్ మాల్" అన్నాడు. అట్లా అయితే మన సబ్‌స్టేషన్లలో ట్రాన్స్‌ఫార్మర్లు ఎత్తడానికి క్రేను అవసరం ఉండేది కాదు!

ఆ టన్నులు నార బిగువుకు కొలత. చదరపు మిల్లీమీటరుకు ఇన్ని టన్నులు అన్న లెక్కలో చెప్పే యంగ్స్ మాడ్యులస్ అది. 24 టన్నుల నార కన్న 40 టన్నుల నార బిగువైనది, అంతే. బిగువు వేరు, బలం వేరు. బిగువు పెరిగిన నార సాధారణంగా పెళుసుగా ఉంటుంది. దానితో పలుచని కర్ర చేయవచ్చు, చేతికి తేలికగా ఉంటుంది, కాని రాయికి తగిలితే చిట్లే భయం ఎక్కువ. పైగా ఆ అంకె నారది మాత్రమే. రెజిన్ ఎంత, గోడ మందం ఎంత, అడ్డ నార వేశారా లేదా అన్నవి ఆ అంకె చెప్పదు. 'ఐ.ఎం. 6', 'ఐ.ఎం. 7' వంటి గుర్తులు కూడా ఇంతే. అవి హెర్క్యులిస్ కంపెనీ తన నారలకు పెట్టుకొన్న వ్యాపార నామాలు. 1996లో ఆ వ్యాపారం హెక్సెల్‌కు మారింది. అవి ఐ.ఎస్.ఐ. మార్కు వంటి నాణ్యతా ముద్రలు కావు.

రీలు మీద వ్రాసే బేరింగుల సంఖ్య కూడా అటువంటిదే. నాసి బేరింగులు పది కన్న మంచివి నాలుగు మేలు. లైను చుట్ట మీద వ్రాసే తెగే బరువు సంగతి మరొకటి. 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ వారు రికార్డు కోసం పంపిన లైను ముక్కను నీటిలో తడిపి మరీ తెంపి చూస్తారు. నైలాన్ తడిస్తే కొంత బలం కోల్పోతుంది కదా. 'టెస్ట్' అని అమ్మే లైను వ్రాసిన బరువుకు గాని అంతకు పైన గాని తెగవచ్చు. 'క్లాస్' అని అమ్మేది వ్రాసిన బరువుకు లోపలే తెగేట్లు చేసినది. ఒక్క మాట తేడాలో ఇంత ఉంది. ఇక ముడి సరిగా వేయకపోతే ఏ చుట్ట మీది అంకె అయినా వృథా.

కొలబద్దలు వచ్చిన వైనం

ఫ్లై ఫిషింగ్ అనే పద్ధతిలో ఎర తేలికది, విసరడానికి బరువిచ్చేది లైనే. పట్టు లైను రోజుల్లో లైను మందాన్ని అక్షరాలతో గుర్తించేవారు. నైలాను, ఇతర కొత్త సరుకులు వచ్చాక ఒకే మందం గల లైన్లు వేర్వేరు బరువులు తూగసాగాయి, అక్షరాలకు అర్థం పోయింది. 1961లో అమెరికా తయారీదారుల సంఘం లైను మొదటి 30 అడుగుల బరువును గ్రెయిన్లలో తూచి నంబరు ఇచ్చే పద్ధతి పెట్టింది. 5వ నంబరుకు 140 గ్రెయిన్లు, 6వ నంబరుకు 160. లైనుకు కొలత వచ్చింది గాని కర్రకు రాలేదు. 'ఇది 5వ నంబరు కర్ర' అని తయారీదారు అంటే కొన్నవాడు నమ్మవలసిందే.

విలియమ్ హానెమన్ అనే అమెరికన్ 2003లో దీనికి చిల్లర డబ్బులతో జవాబు చెప్పాడు. కర్ర మొదలును అడ్డంగా, కదలకుండా బిగించాలి. కొసకు చిన్న సంచీ తగిలించి, కొస కర్ర పొడవులో మూడవ వంతు క్రిందికి దిగేవరకు అమెరికా సెంటు నాణేలు వేస్తూ పోవాలి. ఎన్ని నాణేలు పట్టాయో అదే కర్ర శక్తి. అప్పుడు కొస ఏ కోణంలో వంగి ఉందో చూస్తే, కర్ర కొసన మాత్రమే వంగే రకమా, మొదలు దాకా వంగే రకమా తెలుస్తుంది. కోణం ఎక్కువైతే కొస వంపు రకం.

ఇది చదివినప్పుడు నాకు మన పోల్ టెస్టు గుర్తుకు వచ్చింది. సిమెంటు పోలును పడుకోబెట్టి, మొదలు బిగించి, పై కొసకు రెండడుగుల ఇవతల లాగి, ఎంత వంగిందో కొలిచేవాళ్ళం కదా! విధానం ఒకటే, పోలుకు బదులు కర్ర, చెయిన్ పుల్లీకి బదులు చిల్లర.

సెంటు నాణెం బరువు 2.5 గ్రాములు. దాని ముద్రణ 2025 నవంబరులో నిలిపివేశారు, చలామణిలో ఉన్నవి చెల్లుతాయి. మనకు ఆ నాణెమే కావాలని లేదు. 2011 నుంచి వచ్చిన మన చిన్న రూపాయి బిళ్ళ 3.79 గ్రాములు. కాబట్టి రెండు రూపాయి బిళ్ళలు ఇంచుమించు మూడు సెంట్లకు సమానం. ఒకే దుకాణంలో 'మీడియం' అన్న పేరుతోనే అమ్మిన రెండు కర్రలకు నేను ఈ పరీక్ష చేశాను. ఒకటి ఇరవై బిళ్ళల లోపే దిగిపోయింది, రెండవదానికి ముప్ఫై దాటి వేయవలసి వచ్చింది. పేరు ఒకటి, ధర ఒకటి, పని వేరు.

మల్టీమీటరు సాక్ష్యం

మా మిత్రుడొకరు, ఏ.ఇ.గా రిటైరయినవారు, 'నూరు శాతం కార్బన్' అన్న కర్రను మంచి ధర పెట్టి కొన్నారు. మూడవ వారానికే నడుము విరిగింది. అమ్మిన దుకాణం వారు వాడకం దోషమన్నారు. మేము విరిగిన చోటును గరుకు కాగితంతో రుద్ది మల్టీమీటరు పెట్టాము. బొగ్గు నార కరెంటును పోనిస్తుంది, గాజు నార పోనివ్వదు. ముల్లు కదలలేదు. అది గాజు నారకు నల్ల రంగు. ఒక జాగ్రత్త చెప్పాలి. ముల్లు కదిలితే బొగ్గు నార ఉన్నదని తెలుస్తుంది గాని నూరు శాతమని తెలియదు. పై వార్నిషు తీయకుండా పెడితే అసలు ఏమీ తెలియదు.

ఈ గుణమే ప్రాణం తీస్తుంది కూడా. గాజు, బొగ్గు రెండూ నల్లగా మెరుస్తూ ఒకేలా కనబడతాయి. ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్, 1956లోని 77వ రూలు మనవారికి కంఠతా వచ్చు. 11 కె.వి. లైను వీధిని దాటే చోట 6.1 మీటర్లు, వీధి కాని చోట బేర్ కండక్టరుకు 4.6 మీటర్ల ఎత్తు ఉండాలి. ఆ రూల్స్ స్థానంలో 2010లోను, తరువాత 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు వచ్చాయి. ఏ రూలు ఉన్నా, 5.4 మీటర్ల మడత కర్రను నిలువునా ఎత్తిన మనిషి చేయి, కర్ర కలిపి ఏడు మీటర్లకు తక్కువ కాదు. తీగను తాకనవసరం లేదు, దగ్గరకు పోతే చాలు, కరెంటు దూకుతుంది. ఇంగ్లండులో కర్ర పిడి మీద హెచ్చరిక చీటీ అంటిస్తారు, లైన్ల క్రింద నీటి ఒడ్డున బోర్డులు పెడతారు. మన బజారులో నేను చూసిన పెట్టెల మీద టన్నులు పెద్ద అక్షరాలలో ఉన్నాయి, ఈ మాట మాత్రం కనబడలేదు. గాజు కర్ర అయినా గాలపు కర్ర ఆపరేటింగ్ రాడ్డు కాదు. మనం రాడ్డును నమ్మినది రంగు చూసి కాదు, టెస్టు రిపోర్టు చూసి. తడి కర్ర, తడి దారం ఏదీ లైను దాపులకు పోకూడదు.

ఇంట్లో కట్టుకొనే కర్ర

విదేశాలలో విశ్రాంత ఉద్యోగులు చాలామంది కర్రలు స్వయంగా కట్టుకొంటారు. రింగులూ పిడీ లేని ఉత్త కర్రను బ్లాంక్ అంటారు. దానిని నేల మీద ఆనించి వంచి త్రిప్పితే ఒక వైపుకు తనంతట తాను తిరిగి నిలుస్తుంది. ఆ వైపు గుర్తు పెట్టుకోవాలి. తరువాత కార్కు పిడి, రీలు బిగించే గొట్టం అతకాలి. రింగులను ముందు టేపుతో తాత్కాలికంగా అంటించి, దారం పోనిచ్చి, కొస లాగి చూడాలి. దారం కర్ర వంపును అనుసరించి పోవాలి. ఎక్కడైనా కోణం పడితే రింగు జరపాలి. సరి చూసుకొన్నాక నైలాను దారంతో ఒత్తుగా చుట్టి, ఎపాక్సీ పూసి, ఆరేవరకు కర్రను నెమ్మదిగా త్రిప్పుతూ ఉండాలి. లేకపోతే పూత ఒక వైపుకు జారుతుంది.

ఇట్లా ఒక్క కర్ర కట్టినవారికి బజారు కర్రను చూసే కన్నే వేరుగా ఉంటుంది. పిల్లలకు, మనవలకు కర్ర కొనబోయే మిత్రులు ఈ నాలుగు పనులు చేయవలసిందిగా నా మనవి.

ఒకటి: రింగుల గుండా చిన్న దూది పింజ పోనివ్వండి. పోగు చిక్కితే రింగు చిట్లినట్లు, అది రేపు లైనును కోస్తుంది.

రెండు: స్ప్రింగు త్రాసు తీసుకువెళ్ళి రీలు లైనును నిదానంగా లాగండి. ముల్లు కుదుపులు లేకుండా నిలవాలి. లైను తెగే బరువులో నాలుగవ వంతు నుంచి మూడవ వంతుకు బ్రేకు బిగిస్తే చాలు.

మూడు: రెండు కర్రల మధ్య ఎంపిక తేలకపోతే రూపాయి బిళ్ళలు వేసి చూడండి. ఒప్పుకోని దుకాణం వారికి నమస్కారం పెట్టి రండి.

నాలుగు: గాలం వేసే ముందు తల ఎత్తి పైన లైను ఉన్నదేమో చూడండి, పిల్లలకూ చూపించండి. మిగిలిన మూడూ మరచినా ఇది మరువవద్దు.

ఈ పరీక్షలకు కావలసిన త్రాసు, చిల్లర ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మన సంఘ భవనంలో ఏ ఆదివారమైనా అయిదారుగురం కలిస్తే పాత కర్రలు తెచ్చి పరీక్షించి చూపడానికి నేను సిద్ధం. మనవలను కూడా వెంట తీసుకు రండి.